అప్‌డేట్: ఏటా సెలవుల్లో చీటీల డబ్బా, ఒకే చోట ఫోటో

పెద్ద ఖర్చు, హడావిడి లేకుండా పిల్లలూ పెద్దలూ కలిసి ఏటా సెలవుల్లో చేసుకోగలిగేది చెప్పమని అడిగాను కదా. మీ సలహాల్లో రెండే తీసుకున్నాం: చీటీల డబ్బా (ఏటా అందరూ ఒక ప్రశ్నకి జవాబు చీటీ మీద రాసి డబ్బాలో దాచడం), ఏటా ఒకే చోట అందరి ఫోటో. ఇంతకు మించితే భారమై, మరుసటి ఏడాదికి అన్నీ ఆగిపోతాయి.

చీటీకి ప్రశ్న ఒక్కటే చాలు. "ఏం నచ్చింది?" అంటే "అన్నీ బాగున్నాయి" అని రాసి ఊరుకుంటారు. "నిన్ను బాగా నవ్వించింది ఎవరు, ఏమన్నారు?" అని అడగండి, ఆ మాటలు యథాతథంగా కాగితం మీదికొస్తాయి. రాయడం రాని పిల్లలు చెబుతుంటే దిద్దకుండా వాళ్ల మాటల్లోనే రాయాలి. వెనక పేరు, వయసు, తేదీ తప్పనిసరి.

పెన్సిల్ గానీ పిగ్మెంట్ ఇంకు (తొందరగా వెలవని, తడికి చెదరని ఇంకు) పెన్ను గానీ వాడండి. స్కెచ్ పెన్ను రంగు వెలుతురుకి వెలిసిపోతుంది, తడి తగిలితే అలుక్కుపోతుంది. టికెట్లు, బిల్లులు దాచేటట్లయితే ముందే ఫోటోకాపీ తీయించాలి. వాటిలో చాలావరకు థర్మల్ కాగితం (ఇంకు లేకుండా వేడితో అచ్చయ్యేది), దాని మీద అక్షరాలు వేడికి, కాలానికి మాయమైపోతాయి. సెల్లో టేపు అసలొద్దు, దాని జిగురు పసుపెక్కి కాగితానికి మరక పడుతుంది. డబ్బాని అటక మీద కాకుండా, చెమ్మ లేని బీరువాలో పెట్టండి.

ఫోటోకి అదే గోడ, అదే వరస, ట్రైపాడ్ అదే ఎత్తు, 10 సెకన్ల టైమర్. ఒక ప్రింటు తప్పకుండా తీయించండి. ఫోను మారితే ఫోటోలు పోవచ్చు.

కొత్త చీటీ రాసే ముందు నిరుటివి చదవాలి. టీనేజీ పిల్లలు పైకి చదవద్దంటే వాళ్ల చీటీ కవరులో పెట్టి అంటించి ఉంచండి, బలవంతం చేస్తే మళ్లీ రాయరు.