నెలలు నిండని బేబీకి ఆర్‌ఓపీ పరీక్ష: మొదటి తేదీ, విచ్చుకోని ప్యూపిల్, పడిపోయే పల్స్

వార్మర్_పక్కన:
29 వారాలకు 1,150 గ్రాములతో పుట్టిన బేబీ అనుకుందాం. మొదటి ఆర్‌ఓపీ (నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనాకి, అంటే కంటి వెనక పొరకి, వచ్చే జబ్బు) పరీక్ష మూడో వారంలోనా, నాలుగు వారాలు నిండాకా? కంట్లో చుక్కలు మూడు విడతలు వేసినా ప్యూపిల్ (కనుపాప) సరిగ్గా విచ్చుకోకపోతే నాలుగోసారి వేయొచ్చా? పరీక్ష మధ్యలో పల్స్ పడిపోతే తప్పు చుక్కలదా, కంటిని నొక్కడానిదా?

రెటీనా_డెస్క్:
తేదీ విషయంలో రెండు మాటలూ నిజమే. అమెరికా పద్ధతిలో 29 వారాల బేబీని నాలుగు వారాల వయసుకు చూస్తారు. భారత మార్గదర్శకాల్లో 28 వారాల లోపు గానీ, 1,200 గ్రాముల లోపు గానీ పుడితే రెండు మూడు వారాలకే చూడాలి. మీ బేబీ వారాల లెక్కలో తప్పించుకున్నా బరువు లెక్కలో దొరికిపోతుంది. కాబట్టి మూడో వారం దాటనివ్వకండి.

మరీ ముందు చూసినా లాభం లేదు. రెటీనా రక్తనాళాలు గర్భంలో 16వ వారం నుంచి మొదలై, ముక్కు వైపు అంచుకి 36 వారాలకు, చెవి వైపు అంచుకి దాదాపు 40కి చేరతాయి. ముందే పుట్టి ఆక్సిజన్ ఎక్కువైతే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. తర్వాత, సుమారు 32 వారాల నుంచి, రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్‌ను (నాళాలు మొలిపించే ప్రోటీన్) వదలడంతో అడ్డదిడ్డంగా కొత్త నాళాలు మొలుస్తాయి. మనం వెతికేది వాటినే.

నాలుగో విడత వద్దు. మొదటి మూడూ కంట్లోకే వెళ్లాయా, రెప్ప మూసుకుని చెంప మీదికి కారాయా అన్నది ముందు చూడండి. సరిగ్గా వేసినా ప్యూపిల్ మొండికేస్తే ఐరిస్ (ప్యూపిల్ చుట్టూ ఉండే రంగు పొర) నాళాలు ఉబ్బి ఉండొచ్చు. అది ప్లస్ వ్యాధి (రెటీనా నాళాలు ఉబ్బి మెలికలు తిరగడం) గుర్తు. అప్పుడు కావాల్సింది ఇంకో చుక్క కాదు, ఆ రోజే కంటి డాక్టర్.

చుక్కల_లెక్క:
ప్యూపిల్‌ని విచ్చుకునేలా చేసే పెద్దవాళ్ల చుక్కల సీసాలో ట్రోపికమైడ్ 0.8%, ఫినైలెఫ్రిన్ 5% ఉంటాయి. కృత్రిమ కన్నీళ్లతో సగానికి సగం కలిపితే 0.4%, 2.5% అవుతుంది. 10% ఫినైలెఫ్రిన్, అట్రోపిన్ ఈ పిల్లల జోలికి రాకూడదు. పరీక్షకు గంట ముందు మొదలెట్టి, 10–15 నిమిషాలకోసారి కంటికి ఒక్కో చుక్క. లోపలి మూలన వేలితో కాసేపు అదిమి, కారిందాన్ని వెంటనే దూదితో తుడవాలి. ఇక్కడే చాలామంది బద్ధకిస్తారు. తుడవని మందు చర్మం నుంచీ ముక్కు నుంచీ రక్తంలోకి వెళ్లి బీపీ పెంచుతుంది. అదే పనికి సైక్లోపెంటొలేట్ చుక్కలు వాడితే పేగులు మందగించి పొట్ట ఉబ్బొచ్చు, పాలు అరగకపోవచ్చు.

గంట ముందు నుంచి పాలు ఆపండి. గుడ్డలో బిగువుగా చుట్టి, నోట్లో 24% సుక్రోజ్ కొద్దిగా. స్పెక్యులమ్‌కి (రెప్పలు తెరిచి ఉంచే క్లిప్) అర నిమిషం ముందు మత్తునిచ్చే ప్రొపరాకైన్ ఒక చుక్క.

పల్స్ సంగతి: డిప్రెసర్‌తో (రెటీనా అంచు కనబడటానికి కంటిని నొక్కే పరికరం) నొక్కిన క్షణంలోనే పడితే అది కంటికీ గుండెకీ మధ్య రిఫ్లెక్స్. ముందు నొక్కడం ఆపండి, ఆక్సిజన్ సంగతి తర్వాత. గంటల తర్వాత ఊపిరి ఆగితే మందు ప్రభావమో, అలసటో. అందుకే ఆ రోజంతా మానిటర్ తీయొద్దు.

జోన్_స్టేజ్:
కేస్‌షీట్‌లో “కళ్లు నార్మల్” అని రాస్తే ఏమీ రాయనట్టే. ఒక్కో కంటికి జోన్ (రెటీనాలో ఎక్కడ, 1 అంటే నడిమి భాగం), స్టేజ్ (ఎంత ముదిరింది), ప్లస్ ఉందా లేదా, తర్వాతి తేదీ రాయాలి. “రెండు వారాలకి రండి” కాదు, క్యాలెండర్ తేదీ. నాళాలు ఇంకా జోన్ 1లోనే ఉంటే వారంలోపే మళ్లీ చూడాలి. జోన్ 1లో ఏ స్టేజ్‌కైనా ప్లస్ తోడైనా, ప్లస్ లేని స్టేజ్ 3 అయినా, జోన్ 2లో ప్లస్‌తో స్టేజ్ 2 లేదా 3 అయినా 48–72 గంటల్లో చికిత్స మొదలవ్వాలి. లేజర్ బదులు కంట్లోకి వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ ఇస్తే వ్యాధి నెలల తర్వాత తిరగబెట్టొచ్చు, గర్భవారాలతో కలిపి 65 వారాల దాకా వదలకూడదు.

వార్మర్_పక్కన:
ఐరిస్ నాళాలు చూడాలంటే స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్ల మైక్రోస్కోప్) ఉండాలా?

రెటీనా_డెస్క్:
అక్కర్లేదు. పక్క నుంచి టార్చి వేసి, 20 డయాప్టర్ లెన్స్‌ని భూతద్దంలా పట్టుకుంటే చాలు. ప్యూపిల్ అంచు చుట్టూ ఎర్రటి గీతలు కనబడతాయి. మరీ ముందే పుట్టిన పిల్లల్లో కంటిలోని లెన్స్ ముందు సన్నటి నాళాల వల మామూలే, గర్భవారాలతో కలిపి 34 వారాలకల్లా కరిగిపోతుంది. దాన్ని చూసి కంగారు పడకండి.