ఎనిమిదో అంతస్తు, పైన డాబా: అత్తగారికి, పసిపాపకు ఈ ఎండల్లో ఏమి జాగ్రత్తలు తీసుకోవాలి?

పెరుంబాక్కం కోడలు:
అందరికీ నమస్కారం. మేము చెన్నై పెరుంబాక్కంలో ప్రభుత్వ హౌసింగ్ బోర్డు ఇళ్ళలో ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాము. మా పైన ఇక డాబానే. ఇదివరకు కూవం నది ఒడ్డున గుడిసెలో ఉండేవాళ్ళం. కొబ్బరాకు కప్పు కింద మధ్యాహ్నం కాస్త కునుకు పట్టేది, సాయంత్రానికి సముద్రపు గాలి తగిలేది. ఇప్పుడు పక్కా ఇల్లే, కాదనను. కానీ రాత్రి పదకొండు గంటలకు గోడ మీద చేయి వేస్తే దించిన అట్లపెనం మీద వేసినట్టు ఉంటుంది.

అత్తగారికి 71 ఏళ్ళు, బీపీ మాత్రలు వేసుకుంటారు. ఎంత చెప్పినా నీళ్ళు తాగరు. పురిటికి వచ్చిన ఆడపడుచు, ఆమె మూడు నెలల పాప, మా తొమ్మిదేళ్ళ అమ్మాయి కూడా ఇంట్లోనే ఉన్నారు. నేను ఉదయం ఏడుకు పనికి వెళితే తిరిగి వచ్చేసరికి రెండవుతుంది. ఏసీ మాట ఎత్తవద్దు, కొనే స్థోమత లేదు. ఇక్కడ అగ్ని నక్షత్రం అనే ఈ నడి ఎండల రోజులు ముగిసేదాకా ఎలా నెట్టుకురావాలి?

సున్నం మేస్త్రి:
చెల్లీ, ముందు ఒక మాట. అగ్ని నక్షత్రం మే 4 ప్రాంతంలో మొదలై 28 దాకా అంటారు. అది అయిపోగానే ఊపిరి పీల్చుకోవద్దు. 2003లో ఈ ఊళ్ళో 45 డిగ్రీలు కాసింది మే 31న. మన రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

మీ ఇంటి జబ్బు గోడలది కాదు, స్లాబుది. కాంక్రీటు పగలంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతుంది. కాబట్టి డాబాకు తెల్ల సున్నం పూయించండి. డాబా అందరిదీ కదా, సంఘం వాళ్ళను, కింద కార్యాలయాన్ని అడిగి చేయండి. దుమ్ము, నాచు గీకి కడగాలి. సున్నం రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, కొంచెం జిగురు కలిపి రెండు మూడు పూతలు వేయాలి. పొడి సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పిల్లలను దరికి రానీయకండి. వానలకు కొంత కొట్టుకుపోతుంది, ఏటా మళ్ళీ వేసుకోవలసిందే. ఖర్చు పై అంతస్తు వాళ్ళు పంచుకుంటే ఒక్కరి మీద పడదు.

డాబా మీద తడి గోనెలు పరచమని ఎవరైనా చెబితే వినకండి. నీళ్ళు దొరకని రోజుల్లో అది దండగ, పైగా స్లాబు కారుతుంది.

ఎండ పడే కిటికీకి బయటి వైపు నుంచి పాత చాపో, దుప్పటో వేలాడదీయండి. లోపల తెర కట్టేసరికే అద్దం దాటి వేడి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. ఎనిమిదో అంతస్తు, గట్టిగా కట్టాలి సుమా, కింద మనుషులు తిరుగుతుంటారు. ఉదయం తొమ్మిదికల్లా ఆ కిటికీలు మూసి, చల్లగాలి తిరిగాక అన్నీ తెరవండి. పడమటి గాలి బలంగా వీచే రోజున సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు మాత్రం సాయంత్రం దాకా మూసే ఉంచండి.

వ్యాసర్పాడి అన్న:
అంత హడావుడి ఎందుకమ్మా? నడుముకు ఒక ఉల్లిపాయ కట్టుకుంటే వడదెబ్బ దగ్గరకు రాదు. మా నాయనమ్మ 90 ఏళ్ళు బతికింది. రాత్రికి అందరూ డాబా ఎక్కి పడుకోండి, అంతే.

వార్డు నర్సు:
అన్నా, ఆ ఉల్లిపాయను మజ్జిగలో తరిగి వేస్తే నాకు అభ్యంతరం లేదు. నడుముకు కడితే వడదెబ్బ ఆగదు. ఇక డాబా సంగతి. పిట్టగోడ ఎత్తు లేనిచోట పిల్లలతో పడుకోవద్దు, నిద్రమత్తులో లేచి నడిచే పిల్లలు ఉంటారు.

కోడలమ్మా, మీ ఇంట్లో పాప, బాలింత, అత్తగారు, ఈ ముగ్గురి అవసరాలు మూడు రకాలు.

పాపకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టవద్దు, ఎంత ఎండైనా సరే. పాలు ఎక్కువసార్లు ఇవ్వాలి, తల్లి బాగా తాగాలి. నూలు జుబ్బా ఒక్కటి చాలు. టోపీ, సాక్సు, దుప్పటి చుట్టడం మానండి. బాలింత అని తలుపులు బిగించి, చెవుల్లో దూది పెట్టి, నీళ్ళు తగ్గించే ఇళ్ళు ఇంకా చూస్తున్నాను. ఈ ఎండల్లో అది తల్లికీ మంచిది కాదు.

అత్తగారి మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేది ఒకటి ఉందేమో చీటీ చూపించి అడగండి. ఉంటే ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. అలాగని మీరే మానిపించవద్దు, డాక్టరు మోతాదు మారుస్తారు. ‘మక్కళై తేడి మరుత్తువం’ అనే ప్రభుత్వ పథకం కింద ఇంటికి మాత్రలు తెచ్చే కార్యకర్త వస్తే, ఆమె చేత బీపీ చూపించండి. ఓఆర్ఎస్ రోజంతా మంచినీళ్ళలా తాగించకండి, అందులో ఉప్పు ఉంది. విరేచనాలకో, బాగా చెమట పట్టి నీరసించినప్పుడో ఇవ్వండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలవాలి. మామూలు రోజుల్లో పలుచని మజ్జిగ, రాగి అంబలి, తాటి ముంజలు చాలు.

ఫ్యాను వేడి గాలే కొడుతుంటే చేతులు, మెడ తడిగుడ్డతో తుడిచి ఆ గాలికి కూర్చోబెట్టండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, చెమట తొందరగా ఆరదు. అందుకే ఉత్తరాది వాళ్ళు చెప్పే తడి పరదాలు ఇక్కడ అంతగా పనిచేయవు.

పెరుంబాక్కం కోడలు:
అక్కా, లిఫ్టు పనిచేయనప్పుడు అత్తగారు కళ్ళు తిరిగి పడిపోతే? ఆ ఆలోచనతో నాకు పనిలో మనసు నిలవడం లేదు.

వార్డు నర్సు:
మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఒళ్ళు కాలిపోవడం కనబడితే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 108కి ఫోను చేయండి. కానీ మెట్ల మీదుగా మోసుకుపోవడంతో మొదలుపెట్టకండి. పైనే పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఉన్న బిందెలన్నీ ఒంటి మీద గుమ్మరించండి, విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు మారుస్తూ ఉండండి. ముందు చల్లబరచడం, తరువాతే దించడం. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయవద్దు. జ్వరం మాత్ర ఇవ్వవద్దు, ఈ వేడికి అది పనిచేయదు. ఇదంతా ఈ రాత్రే మీ ఆడపడుచుకు, తొమ్మిదేళ్ళ పాపకు చెప్పి, ఎదురింటి వాళ్ళకు కూడా చెప్పి ఉంచండి.

డ్రమ్ము మూత:
నీళ్ళు పట్టి ఉంచే ఇళ్ళకు ఒక మాట. డెంగీ దోమ మంచినీళ్ళ డ్రమ్ములోనే గుడ్లు పెడుతుంది. నీళ్ళు పారబోసినా గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయి బతుకుతాయి. అందుకే వారానికి ఒకసారి ఖాళీ చేసి, లోపలి అంచులు పీచుతో రుద్దాలి. మూత లేకపోతే పాత చీర గుడ్డ కట్టండి.

ఇంకొకటి. 2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షల సహాయం ఉంది. ఎవరికీ ఆ అవసరం రాకూడదు. కానీ మా వీధిలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

సున్నం మేస్త్రి:
అత్తగారు నీళ్ళు ఎందుకు తాగరో ఎవరూ అడగలేదు. చెల్లీ, నువ్వు అడిగావా?

పెరుంబాక్కం కోడలు:
నిన్న రాత్రి అడిగాను అన్నా. చాలాసేపు చెప్పలేదు. తరువాత అన్నారు, “ఎక్కువ తాగితే ఎక్కువసార్లు దొడ్డికి వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా సగం బకెట్టు. లిఫ్టు ఆగిన రోజు ఎనిమిది అంతస్తులు ఆ నీళ్ళు మోసేది నువ్వే కదా.”

నాకు మాట రాలేదు. ఈ ఉదయం బట్టలు జాడించిన నీళ్ళు వేరే బకెట్టులో పట్టి దొడ్డికి పెట్టాను, ఇవి పారబోసేవే అని ఆమెకు చూపించాను. తాగడానికి చిన్న కూజా ఒకటి ఆమె మంచం పక్కన పెట్టాను. నేను వచ్చేసరికి అది ఖాళీ చేయించే పని మా అమ్మాయిది. రెండింటికి వచ్చి చూస్తే కాస్త అడుగున మిగిలింది. అది తను తాగాలని దాచుకున్నానంటోంది అమ్మాయి.

సున్నం విషయం ఆదివారం సంఘం వాళ్ళతో మాట్లాడతాను. పై అంతస్తులో ఆరు ఇళ్ళు, నలుగురు సరే అన్నారు. మేస్త్రి అన్నా, ఒక్కో ఇంటి పై భాగానికి ఎన్ని కిలోల సున్నం పడుతుంది?

సున్నం మేస్త్రి:
కొలత చెప్పు చెల్లీ. డాబా అడుగుల్లో పొడవు, వెడల్పు కావాలి. పాత పెయింటు ఏదైనా ఉంటే అదీ చెప్పు.