అప్‌డేట్: బైక్ ముందు ఫోర్క్ స్ప్రింగులు మార్పించాను

బ్రేక్ పట్టగానే బండి ముందుకు మునిగిపోతోంది, ఫోర్క్‌లో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు షాక్ గొట్టాల్లో) చిక్కటి ఆయిల్ పోస్తే చాలా, స్ప్రింగులే మార్చాలా అని అడిగాను కదా. స్ప్రింగులే మార్పించా. ఆయిల్ ఫోర్క్ కదిలే వేగాన్ని తగ్గిస్తుందంతే, బరువు మోసేది స్ప్రింగే అని మీలో ఒకరన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం.

వేసినవి ప్రోగ్రెసివ్ రకం, అంటే నొక్కేకొద్దీ గట్టిపడేవి, ఒక చివర చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆయిల్ చిక్కదనం మార్చలేదు, పాత గ్రేడే, 10డబ్ల్యూ. స్ప్రింగ్ బయటికి తీసి, ఫోర్క్‌ను పూర్తిగా నొక్కి, ట్యూబ్ పై అంచు నుంచి ఆయిల్ మట్టం కొలవాలి. "అందాజాగా పోసేద్దాం తమ్ముడూ" అన్నాడు మెకానిక్ అన్న. నేనా, స్కేలు పట్టుకుని పక్కనే కూర్చున్నా! రెండు వైపులా ఒకే మట్టం వచ్చేదాకా వదల్లేదు.

శాగ్, అంటే మనిషి కూర్చుంటే ఫోర్క్ ఎంత దిగుతుందో చూడ్డానికి ఫోర్క్ ట్యూబ్‌కి జిప్ టై బిగించా. ఫోర్క్ మొత్తం కదలగలిగే 130 ఎం.ఎం. ట్రావెల్‌లో నేను కూర్చుంటే ఇదివరకు 50 దాకా దిగేది, ఇప్పుడు 38.

శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు తేడా బాగా తెలిసింది. మలుపు ముందు బ్రేక్ వేసినా ముందు భాగం కుదురుగా ఉంటోంది. ఊళ్లో చిన్న గతుకులు మాత్రం చేతులకు కాస్త తగులుతున్నాయి. వెనక షాకులు ఇప్పుడు మెత్తగా అనిపించి ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే కాస్త నొక్కి ఉంచే సెట్టింగ్) ఒక మెట్టు పెంచా. మా ఆవిడ ఎక్కితే ఇంకో మెట్టు.