జిప్సీ కింద కిచకిచ, క్లచ్ వదిలితే టక్: క్రాసులు పోయాయా?

అనంతపురం_జిప్సీ:
అందరికీ నమస్కారం. నాది 2012 మోడల్ జిప్సీ కింగ్, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, నెలకోసారి ఊరికి వెళ్లొస్తాం. పోయిన నెల సకలేశపుర వైపు ఎస్టేట్ దారుల్లో రెండు రోజులు తిరిగాం, రెండు చోట్ల వాగు దాటాం, నీళ్లు చక్రాల హబ్‌ల పైదాకా వచ్చాయి. తిరిగొచ్చాక బండి కడిగించానే గానీ కిందికి దూరి చూడలేదు. ఇప్పుడు 20, 30 స్పీడులో పిచ్చుక అరిచినట్టు కిచ్ కిచ్ అని ఒకే లయలో వస్తోంది, స్పీడు పెరిగేకొద్దీ దగ్గరవుతుంది, 50 దాటాక టైర్ల చప్పుడులో కలిసిపోతుంది. దానికి తోడు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలిన ప్రతిసారీ కింద టక్ మంటోంది. ఒక గ్యారేజీలో చూపిస్తే బండి కిందికి తొంగి కూడా చూడకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) దించాలి, నలభై వేలు అవుతుంది అన్నారు. వచ్చే వారం అమ్మను చెకప్‌కి తీసుకురావడానికి ఊరెళ్లాలి, దారిలో ఆగిపోతే ఎలాగని టెన్షన్‌గా ఉంది. నాకేమో యూనివర్సల్ జాయింట్ క్రాసుల (షాఫ్టు కొనల్లో ఉండే ప్లస్ ఆకారపు ముక్కల) మీద అనుమానం. ఇంట్లోనే ఎలా చెక్ చేసుకోవాలి?

హొసకోట_ఫోర్‌బైఫోర్:
అన్నా, ట్రాన్స్‌ఫర్ కేసు మాట ఇప్పుడే వద్దు. ముందు ఖాళీ రోడ్డు మీద 30లో వెళ్తూ క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి బండిని దానంతట అది దొర్లనివ్వు. అప్పుడు కూడా కిచకిచ స్పీడుతోపాటే తగ్గుతూ వస్తుంటే ఇంజిన్‌తో, క్లచ్‌తో సంబంధం లేదు, గేర్‌బాక్స్ తర్వాత తిరిగేదేదో అరుస్తోంది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి విడిగా ఉంటుంది కాబట్టి చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే షాఫ్టులు మూడు: మధ్యలో పొట్టిది, ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి. అన్నీ చూడాలి. నీ బండికి ఫ్రీవీల్ హబ్‌లు (ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసేవి) ఉన్నాయా? లేకపోతే టూ వీల్ డ్రైవ్‌లో నడిపినా ముందు షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంటుంది, సౌండు అక్కడి నుంచి కూడా రావచ్చు. నాకు ఒకసారి ఇలాంటి సౌండే వస్తే తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను, రెండు రోజులు ఆగింది.

హోసూరు_రోడ్డు_షెడ్డు:
ఆ స్ప్రే పని మాత్రం చేయొద్దు తమ్ముడూ. అది పల్చటి నూనె, లోపల మిగిలిన గ్రీజును కూడా కడిగేస్తుంది. రెండు రోజులు సౌండు ఆగిందని సంబరపడతాం, ఆలోగా సూదులు అరిగిపోతాయి. క్రాసుకి నాలుగు కొనలు, కొనకో కప్పు, కప్పు లోపల చుట్టూ సన్న సూది బేరింగులు. సీలు దాటి నీళ్లు పోతే గ్రీజు పాడై సూదులు తుప్పు పడతాయి, ఆ కిచకిచ అక్కడిదే. టక్ మనేది అరుగుదల ఇంకో మెట్టు ఎక్కాక వస్తుంది (డిఫరెన్షియల్‌లో, అంటే యాక్సిల్ మధ్య ఉండే గేర్లలో లూజున్నా టక్ మంటుంది, అందుకే చేత్తో చూడనిదే తేల్చి చెప్పలేం).

చదునైన చోట బండి ఆపు, నాలుగు చక్రాలకూ చెక్క దిమ్మెలు పెట్టు, ఆ తర్వాతే కిందికి వెళ్లు. న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో షాఫ్టు, ఇంకో చేత్తో ఫ్లేంజి (షాఫ్టును బోల్టులతో బిగించే పళ్లెం) పట్టుకుని ఎదురెదురుగా తిప్పు. షాఫ్టు, ఫ్లేంజి రెండూ కలిసి కొంచెం కదిలితే అది గేర్ల మధ్య ఉండే ఖాళీ, కొంత మామూలే. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే క్రాసు పోయినట్టే. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ దూర్చి క్రాసును పైకీ కిందికీ ఎత్తి చూడు, ఏ కాస్త ఆడినా మార్చాలి. కప్పుల చుట్టూ ఇటుక పొడి లాంటి ఎర్ర దుమ్ము ఉందేమో టార్చి వేసి చూడు. అది కనిపిస్తే ఇక గ్రీజుతో కుదిరే పని కాదు.

దుమ్ము లేదు, లూజు లేదు అంటే నిపిల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) తుడిచి చేతి గన్‌తో నెమ్మదిగా గ్రీజు కొట్టు. నాలుగు కప్పుల దగ్గరా పాతది పోయి కొత్తది కనపడే వరకూ కొట్టాలి. ఏదైనా కప్పులోంచి రాకపోతే షాఫ్టు కొంచెం తిప్పి, అటూ ఇటూ ఊపి మళ్లీ కొట్టు. వచ్చే పాత గ్రీజు పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు పోయాయని అర్థం. గాలి గన్‌తో ఒక్కసారిగా కొడితే సీళ్లు చిరుగుతాయి, సర్వీసు సెంటర్‌లో కొట్టించేటప్పుడు పక్కనే నిలబడు. స్లిప్ జాయింట్ (షాఫ్టు లోపలికీ బయటికీ జరిగే పళ్ల జాయింట్) నిపిల్‌కి మాత్రం కొంచెం చాలు, అక్కడ నిండా కుక్కితే షాఫ్టు లోపలికి జరగడానికి చోటు ఉండదు.

అనంతపురం_జిప్సీ:
అన్నా, చాలా థ్యాంక్స్. నా బండికి ఫ్రీవీల్ హబ్‌లు లేవు, పాత ఓనరు తీసేయించాడట. ఆదివారం పొద్దున ముందు షాఫ్టు విప్పి టూ వీల్‌లో ఒక రౌండు వేశాను, సౌండు అలాగే ఉంది, అంటే ముందుది కాదు. పొట్టి షాఫ్టు గట్టిగానే ఉంది. వెనక షాఫ్టుకి యాక్సిల్ వైపు క్రాసులో ఒక కప్పు చుట్టూ మీరు చెప్పిన ఎర్ర దుమ్మే! షాఫ్టు దించి చేత్తో ఆడిస్తే ఒక వైపు మెత్తగా తిరుగుతోంది, ఇంకో వైపు పళ్లున్నట్టు ఆగి ఆగి కదులుతోంది. స్పేర్ పార్టులు దొరికే జేసీ రోడ్డుకి పాత క్రాసు పట్టుకెళ్లి కప్పు సైజు కొలిపించి రెండు క్రాసులూ తెచ్చాను, ఇంటి దగ్గరి మెకానిక్ వైస్‌లో నొక్కి వేశాడు. పాత కప్పు విప్పితే సూదుల బదులు ఎర్ర పొడి రాలింది. కిచకిచ, టక్ రెండూ పోయాయి, కానీ ఇప్పుడు 60, 70 మధ్య సీటు కింద సన్నగా వణుకు వస్తోంది. అంతకుముందు ఇది లేదు. క్రాసు సరిగా కూర్చోలేదా?

కోరమంగళ_మెకానికల్:
స్లిప్ జాయింట్‌ను విడదీశారా? విడదీసే ముందు గుర్తు పెట్టారా? నా అనుమానం అదే. ఒక క్రాసు కోణంలో తిరిగేటప్పుడు ఇటు వేగం సమంగా ఉన్నా అటు వైపు వేగం ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పది డిగ్రీల కోణానికే ఇది అటూ ఇటూ ఒకటిన్నర శాతం ఉంటుంది. షాఫ్టు రెండో కొనలో ఉన్న క్రాసు దీన్ని సరిచేస్తుంది, అది కూడా షాఫ్టుకు రెండు కొనల్లో ఉన్న యోకులు (క్రాసును పట్టుకునే రెండు చెవుల ముక్కలు) ఒకే వరసలో ఉంటేనే. స్లిప్ జాయింట్‌ను ఒక్క పన్ను పక్కకి వేసినా వరస తప్పి వణుకు మొదలవుతుంది. షాఫ్టును నేల మీద పెట్టి ఒక కొన నుంచి చూడండి, రెండు యోకుల చెవులూ ఒకే గీతలో కనపడాలి. లీఫ్ స్ప్రింగులు మార్చి బండి ఎత్తు పెంచినా కోణాలు మారి ఇలాగే వణుకుతుంది, మీరు పెంచలేదనుకుంటున్నాను.

హోసూరు_రోడ్డు_షెడ్డు:
అదే మొదట చూడు తమ్ముడూ. అది సరిగ్గా ఉంటే సర్క్లిప్పులు (కప్పు బయటికి రాకుండా ఆపే రింగులు) గాడిలో పూర్తిగా కూర్చున్నాయా చూడు. వేసేటప్పుడు ఒక సూది పడి కప్పు అడుగున అడ్డంగా ఉండిపోతే కప్పు చివరిదాకా దిగదు, క్లిప్పు పట్టదు. బలవంతంగా సుత్తితో దించితే రెండు రోజుల్లో మళ్లీ పోతుంది. షాఫ్టు మళ్లీ విప్పే ముందు ఫ్లేంజీల మీద రంగుతో గీత పెట్టు. చక్రాలకు దిమ్మెలు మరవకు, వెనక షాఫ్టు విప్పాక టూ వీల్‌లో గేరులో ఉంచినా బండి ఆగదు.

అనంతపురం_జిప్సీ:
సరిగ్గా ఒక పన్ను పక్కకి ఉంది! మెకానిక్ శుభ్రం చేయడానికి లాగి, గుర్తు లేకుండానే తిరిగి దూర్చాడట. సరిచేశాక నైస్ రోడ్డు (బెంగళూరు టోల్ రోడ్డు) మీద 80 దాకా చూశాను, వణుకు లేదు. నిన్న అనంతపురం వెళ్లి అమ్మను తీసుకొచ్చాను. ఇంటికి రాగానే సైలెన్సర్‌కి తగలకుండా కిందికి చెయ్యి పెట్టి ఆరు క్రాసులూ ముట్టుకున్నాను, ఏదీ మిగతావాటికంటే వేడిగా లేదు. ఇంతకీ గ్రీజు ఎన్నాళ్లకోసారి కొట్టాలి?

హోసూరు_రోడ్డు_షెడ్డు:
మామూలుగా తిరిగితే 5000 కిలోమీటర్లకోసారి చాలు. వాగు దాటినా, ఇక్కడి వానకు నిండిన అండర్‌పాస్‌లో దిగినా ఆ వారంలోనే కొట్టు. కొత్తగా వేసిన రెంటినీ 500 తిరిగాక ఒకసారి చేత్తో ఆడించి చూడు, ఫ్లేంజి బోల్టులు కూడా బిగించు.