ఎండలో కాగిన క్యాన్ నీళ్లు తాగొచ్చా?

నాకు ఐదో నెల. వాటర్ ప్లాంట్ అబ్బాయి 20 లీటర్ల క్యాన్లను ఆటోలో ఎండలో తిప్పి తెస్తాడు. అడుగున త్రికోణంలో 7, పక్కనే ‘పీసీ’ అని ఉంది. అత్తయ్యేమో "మేం తాగలేదా" అంటారు. నాకు టెన్షన్.

↳ పీసీ అంటే పాలీకార్బొనేట్. బీపీఏ (బిస్‌ఫినాల్-ఏ) అనే రసాయనంతో తయారవుతుంది. ఆ బీపీఏ ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేస్తుంది. నేను ల్యాబ్ మనిషిని, ఎలుకల కథ చెప్తా. 1998లో అమెరికాలో శాస్త్రవేత్త ప్యాట్రిషియా హంట్ ల్యాబ్‌లో ఎవరో పాలీకార్బొనేట్ బోన్లను నేల కడిగే ఘాటు మందుతో కడిగేశారు. ఏ మందూ ఇవ్వని ఎలుకల అండాల్లో క్రోమోజోమ్ లోపాలు ఒక్కసారిగా పెరిగాయి. ప్లాస్టిక్ నుంచి ఊరిన బీపీఏయే కారణమని 2003లో ప్రచురించారు. మనుషులకూ అచ్చం అలాగే అవుతుందని కాదులెండి.

↳ యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో ఒంట్లోకి చేరే బీపీఏకి రోజువారీ పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. కంగారొద్దు, పాత గీతలుపడ్డ క్యాన్ మాత్రం వద్దనండి. వేడికి ఎక్కువ ఊరుతుంది.

↳ అడిగింది నేనే. అటక మీది స్టీలు బిందె దించాను, ఫిల్టర్ నీళ్లు పడుతున్నాం. ఎలుకల కథ విని అత్తయ్యే చింతపండుతో తోమిచ్చారు!