ఆటోప్లేలో తగిలిన పాత ఇండీ (పెద్ద మ్యూజిక్ కంపెనీల బయటి) పాట మళ్ళీ దొరికినట్టు లెక్కేనా?

రివైండ్_బటన్:
నిన్న ఆఫీసు క్యాబ్‌లో పక్కన కుర్రాడు పేవ్‌మెంట్ అనే బ్యాండ్ పాట వింటున్నాడండీ, నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంకేం విన్నావు వీళ్ళవి అంటే "వీళ్ళకి వేరే పాటలున్నాయా" అన్నాడు. వాడు వింటున్నది హార్నెస్ యువర్ హోప్స్. బ్రైటెన్ ద కార్నర్స్ ఆల్బమ్ అప్పుడు రికార్డ్ చేసి పక్కన పడేసి, 1999లో ఒక ఈపీలో (నాలుగైదు పాటల చిన్న రికార్డు) బీ-సైడ్‌గా, అంటే అసలు పాటకి తోడుగా ఇచ్చిన పాట, ఇప్పుడు స్పాటిఫైలో వాళ్ళ పాటలన్నిటికంటే అదే పైన! గెలాక్సీ 500 అనే ఇంకో బ్యాండ్ వాళ్ళ స్ట్రేంజ్ పాట కథా ఇంతే. 2017 జనవరిలో స్పాటిఫై ఆటోప్లేని (మనం పెట్టింది అయిపోగానే యాప్ తనే ఇంకో పాట వేసేది) అందరికీ ఆన్ చేసి పెట్టింది, సరిగ్గా అప్పట్నుంచే ఆ పాట ఎగిసిందని వాళ్ళ డ్రమ్మర్ డేమన్ క్రుకౌస్కీ పసిగట్టాడు. స్పాటిఫైలో పనిచేసే ఆయన ఒకాయన తవ్వి చూస్తే తేలిందేంటంటే, వాళ్ళ పాటల్లో వేరే బ్యాండుల పాటల్లా ఎక్కువగా వినిపించేది అదేనట. అంటే వాళ్ళలా లేని పాటే వాళ్ళ పేరు మీద చెలామణీ అవుతోంది. దీన్ని పాట దొరకడం అంటారా?

డీసీ_ప్లస్‌ప్లస్:
ఏందన్నా పొద్దుగాల్నే పిల్లగాని మీద పడ్డవు. నువ్వేమన్న షాపుకు పోయి కొన్నవా ఆ సీడీ? మా హాస్టల్ల ఒక సీనియర్ ఉండె, ల్యాన్ల ఆయన షేర్ చేసిన ఫోల్డరే మాకు లోకం, అండ్ల సగం పాటలకు పేర్లు గూడ తప్పే. ఆయనకు నచ్చనిది మా చెవిదాకా రాలే. ఇప్పుడు ఆ సీనియర్ జాగల మెషీన్ కూసుంది, గంతే. పైగా ఆ సీనియర్ బీ-సైడ్ ఎన్నడన్న ఇచ్చిండా?

రివైండ్_బటన్:
సీనియర్‌తో గొడవ పడొచ్చు బ్రో, ఇదెందుకు పెట్టావన్నా అని అడిగితే రెండు గంటలు చెప్పేవాడు

సాయంత్రం_చాయ్:
గాయని కేట్ బుష్ సంగతేంటి మరి? రన్నింగ్ అప్ దట్ హిల్ 1985లో బ్రిటన్ చార్టులో 3 దగ్గర ఆగిపోయింది, 2022లో స్ట్రేంజర్ థింగ్స్ సిరీస్‌లో వచ్చాక ఒకటో నంబర్. 37 ఏళ్ళు! మా అమ్మాయి ఆ పాట పట్టుకుని మొత్తం ఆల్బమ్ వినేసింది. కథ మధ్యలో పాట వస్తే గుర్తుండిపోతుంది, ఆటోప్లేలో వచ్చింది గిన్నెలు తోముతుంటే పోతుంది, తేడా అక్కడుంది అనిపిస్తుంది నాకు.

రివైండ్_బటన్:
అప్పుడు ఆవిడ ఈఎంఐ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీ ఆర్టిస్టండీ, ఇండీ ఎక్కడ

సాయంత్రం_చాయ్:
లేబుల్ చూసి వింటారా మీరు 😀

అక్క_క్యాసెట్లు:
నాకు గుర్తొచ్చేది లక్కీ అలీ. 1996లో సునో క్యాసెట్ మా అక్క ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు, దానికి పెళ్ళయి వెళ్ళాక ఆ క్యాసెట్ ఏమైందో ఎవరికీ పట్టలేదు. 2020లో ఆయన నెరిసిన గడ్డంతో గిటార్ పట్టుకుని ఓ సనమ్ పాడిన వీడియో వచ్చింది కదా, అక్క అర్ధరాత్రి ఫోన్ చేసి ఏం మాట్లాడకుండా అది వినిపించింది. అల్గారిదమే నాకు చూపించి ఉంటే స్క్రోల్ చేసేసేదాన్నేమో, ఏమో.

డీసీ_ప్లస్‌ప్లస్:
గది మాట. గని అక్కా, మీ అక్కకు ఆ వీడియో ఎవరు చూపిచ్చిండ్రు?

అక్క_క్యాసెట్లు:
...ఫేస్‌బుక్కే అనుకుంటా

లెక్కల_మాస్టారు:
డబ్బుల సంగతి ఎవరూ ఎత్తరేం. గెలాక్సీ 500 వాళ్ళ లేబుల్ దివాలా తీస్తే వేలంలో వాళ్ళ టేపులు వాళ్ళే కొనుక్కున్నారు, కాబట్టి స్ట్రేంజ్ ఆడితే నాలుగు రాళ్ళు వాళ్ళకే వస్తాయి. అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లు కూడా ఆడని పాటకి స్పాటిఫై అసలు లెక్కే కట్టట్లేదు. చిన్న బ్యాండు ఆల్బమ్‌లో ఒక్క పాట ఎగిరి మిగతా తొమ్మిది ఆ గీత కింద ఉండిపోతే? నా గొడవ అది, కుర్రాళ్ళతో కాదు.

రివైండ్_బటన్:
అప్‌డేట్: ఇవాళ క్యాబ్‌లో కుర్రాడికి పేవ్‌మెంట్ వాళ్ళ గరగరలాడే ఆల్బమ్ స్లాంటెడ్ అండ్ ఎన్‌చాంటెడ్ పెట్టాను, 1992ది. రెండు పాటలు బుద్ధిగా విని "అన్నా మీ ఇయర్‌ఫోన్స్ పోయినట్టున్నాయి, నావి తీసుకోండి" అన్నాడు.