సీలియాక్: చిటికెడు గోధుమకే పేగు ఎందుకు వాస్తుంది?

మల్కాజిగిరి అమ్మ: మా పాపకి టీటీజీ అనే రక్తపరీక్ష, బయాప్సీ (పేగు ముక్క తీసి చూడటం) రెండూ చేసి సీలియాక్, అంటే గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు అని తేల్చారు. చపాతీ, ఉప్మా బంద్. "ఒక్క ముక్క తింటే ఏమవుతుందే" అంటారు మా అత్తగారు. ఆవిడకి ఎలా చెప్పను? బాబుకీ జీన్ టెస్ట్ చేయించాలా?

ల్యాబ్ బాబాయ్: నా ఉద్యోగమే ఇది, చెప్తా వినండి. గోధుమలోని గ్లయడిన్ అనే ప్రోటీన్ నిండా ప్రోలిన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలే. మన జీర్ణరసాలకు అది పూర్తిగా తెగదు. 33 అమైనో ఆమ్లాల పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) ఒకటి అలాగే మిగిలి పేగు గోడలోకి చేరుతుంది. అక్కడ ట్రాన్స్‌గ్లుటమినేజ్ ఎంజైమ్ అందులోని గ్లుటమిన్‌ని గ్లుటమేట్‌గా మారుస్తుంది. డీక్యూ2, డీక్యూ8 జీన్లున్నవాళ్ల కణాలు దాన్ని గట్టిగా పట్టుకుని టీ కణాలకు, అంటే ఒంటి రక్షణ కణాలకు చూపిస్తాయి. అవి రెచ్చిపోయి ఇంటర్‌ఫెరాన్ గామా అనే వాపు రసాయనం వదులుతాయి. పేగు లోపలి సన్నని వేళ్లలాంటి విల్లైలు చదునైపోతాయి, ఇనుము ఒంటపట్టదు. ఆ టీ కణాలు మర్చిపోవు కూడా, అందుకే చిటికెడు తిన్నా మళ్లీ రెచ్చిపోతాయి. అత్తగారికి ఇదే చెప్పండి.

కూకట్‌పల్లి రవి: మా అమ్మమ్మకి ఇంటర్‌ఫెరాన్ గురించి చెప్పి చూడు బాబాయ్! అది సరే, ఇంగువ మానేశారా? అన్నీ మానేసినా నా టీటీజీ దిగలేదు. డబ్బా తిప్పి చూస్తే మైదా.

పప్పుచారు ప్రియ: చిటికెడు ఇంగువకి ఇంత రాద్ధాంతమా? మా ఇంట్లో తరతరాలుగా తింటున్నాం.

కూకట్‌పల్లి రవి: పేగు మీది కాదుగా! పచ్చి ఇంగువ ఘాటుకి పిండి కలిపి అమ్ముతారు. బియ్యప్పిండి కలిపినవీ ఉన్నాయి, చదివి కొనండి.

పప్పుచారు ప్రియ: మా చిన్నప్పుడు ఈ జబ్బులే లేవు.

ల్యాబ్ బాబాయ్: ఉండేవమ్మా, రక్తం తక్కువని టానిక్కులు పట్టేవారు. డచ్ పిల్లల డాక్టర్ విల్లెమ్ డికె 1950లో థీసిస్ ఇచ్చాకే గోధుమ మీద గురి కుదిరింది.

టోలిచౌకి భాయ్: రంజాన్‌లో హలీమ్ వాసన వస్తే ఏం చేస్తారు? అందులో గోధుమే అసలు సరుకు.

మల్కాజిగిరి అమ్మ: జీన్ టెస్ట్ అడిగాను...

ల్యాబ్ బాబాయ్: ఆ జీన్లు లేకపోతే దాదాపు నిశ్చింత. ఉన్నా చాలామందికి జబ్బు రాదు. బాబుకి ముందు టీటీజీ చేయించండి, అదీ గోధుమ తింటుండగానే. మానేశాక చేయిస్తే నెగటివ్ చూపించొచ్చు.

కూకట్‌పల్లి రవి: జొన్నరొట్టె తింటున్నారా? గిర్నీలో మీ జొన్నలకు ముందు ఎవరి గోధుమలు ఆడాయో అడగండి.

టోలిచౌకి భాయ్: మా గిర్నీవాడు "కడిగి ఇవ్వాలా మేడమ్?" అని మా ఆవిడని ఎగతాళి చేశాడు.

మల్కాజిగిరి అమ్మ: ఇంట్లో పెట్టుకునే పిండిమర మోత ఎక్కువా? కింది ఫ్లాట్ వాళ్లు ఇప్పటికే మిక్సీకే గొడవపడుతున్నారు.